హస్తవాసి

జబ్బు చేప మొదట ఒక పక్కకి ఒరుగుతుంది.
రైమో చెప్పాడు నాకది,
నేనీ ఏటికి కొత్తగా వచ్చిన ఏడాది,
తొడల దాకా రబ్బరు బూట్లు, 
పళ్ళు టకటకలాడించే సెప్టెంబరు.

కళ్ళు చూడు, అన్నాడు.
పాలపొర కమ్మిందా, ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.
మొప్ప ఎత్తి చూడు. 
కోసిన దుంపలా ఎర్రగా ఉంటే సరే,
నానిన కాగితంలా ఉంటే
పొయ్యి రాజెయ్యకు.
పొలుసు కింద నల్లచుక్కలు పురుగులవి,
భయపడకు, వేయించితే పోతాయి.
పొట్ట ఉబ్బి, పొలుసులు దేవదారు కాయలా విచ్చుకుంటేనే
టోపీ తియ్యాలి.

నా పని రాయడం.
తేదీ, నీటి చలి, చేప పొడవు, గుర్తులు,
చివరి గడి: కారణం.
ఆ గడి ఎప్పుడూ రైమోదే.
ఎగువన చేపల పెంపకం తొట్లు.
అడవి నరికి తవ్విన కాలవలు, వాటి టీ రంగు నీళ్ళు.
పడవల మీద వచ్చే పట్నం వాళ్ళు.
ఒకసారి, కోపంలో, హెల్సింకి.

అతని ఎడమచేతికి నడిమి వేలు లేదు.
పందొమ్మిదో ఏట రంపపు మిల్లు తీసుకుంది.
అయినా ఊళ్ళో అందరూ అనేవాళ్ళు
రైమో హస్తవాసి మంచిదని,
అతను వదిలిన పిల్లచేప బతికి
ముసలిదై తిరిగొస్తుందని.
అతనూ నమ్మాడు.
అక్క హిల్కా అల్లిన ఉన్ని తొడుగుల్లో
వెచ్చగా పట్టుకుని,
గాలం తీసి,
పసిబిడ్డని పక్క మీద వేసినట్టు
నీళ్ళలో వేసేవాడు.

అక్టోబరు, రెండో ఆదివారం.
గ్రేలింగ్ చేప, తెరచాపలాంటి వీపురెక్క,
లాగుతుంటే పెద్దగా పోట్లాడలేదు.
ఒంటి మీద తెల్లటి బూజు,
నీళ్ళలో దూదిలా ఊగుతూ.
"రాసుకో," మొదలెట్టాడు, "ఎగువ తొట్లలో వాళ్ళు మళ్ళీ…"

ఆగాడు.

బూజు అంతటా లేదు.
ఒక వైపు బొటనవేలంత మచ్చ.
తిప్పితే, రెండో వైపు
ఒక చార,
తర్వాత వేలెడు మేర
మెరుస్తూ, నున్నగా, ఆరోగ్యంగా ఉన్న చర్మం,
తర్వాత రెండు చారలు.

ఏరు మాత్రమే మాట్లాడుతోంది.
రైమో తొడుగు ఊడదీశాడు.
చెయ్యి దగ్గరగా పెట్టాడు, తాకకుండా.
చేప కొంచెం పెరిగినట్టుంది,
చారలు సాగాయి.
అయినా సరిపోయింది.

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారు కదా,
పొడి ఉన్నితో కూడా కొయ్యొచ్చని
మాకెవరికీ తెలీదు.
చేపకి జిగురే చొక్కా, జిగురే తలుపు గడియ.
వెచ్చని చెయ్యి దాన్ని తుడిచేసి
వీడ్కోలు చెప్పింది.

"ఏం రాయను?" అన్నాను.
అడగకుండా ఉండాల్సింది.
పెన్సిలు తీసుకున్నాడు,
చాలాసేపు పట్టుకున్నాడు,
ఆ గడిలో ఇప్పటికీ
మొన గుచ్చుకున్న చుక్క ఒక్కటే ఉంది.

తొడుగులు ఏమయ్యాయో నేనడగలేదు. హిల్కా అడిగిందట.

ఈ ఏడు అతను చేపని ఎత్తడం లేదు.
మోకాళ్ళ మీద కూర్చుని
చేతులు ఏట్లో ముంచి
నీలంగా అయ్యేదాకా ఉంచుతాడు.
గాలానికి ముల్లు వంపు తీసేశాడు.
నీళ్ళలోనే ఒక చిన్న మెలిక, అంతే,
చేప తనంతట తను పోతుంది,
ఎలాంటిదో నేను చూసేలోపే.
నా పుస్తకంలో ఖాళీలు ఎక్కువయ్యాయి.