శివారుకి చేరిందా

మొదటి రోజు భానోజీ మాస్టారు బోర్డు మీద
రెండు డబ్బాలు గీసి మధ్యలో బాణం వేశారు.
ఇటు చెప్పేవాడు, అటు వినేవాడు,
బాణం పేరు చానెల్.
"తెలుగులో ఏమంటార్రా?" అంటే
వెనక బెంచీలోంచి సువార్త, "కాలవండీ" అంది.
ఆ నవ్వు
అమలాపురం బస్టాండు దాకా వినిపించి ఉంటుంది.

నేను నవ్వలేదు.
మా నాన్న లాకుల దగ్గర లస్కరు.

ఇరవై ఆరేళ్లుగా పొద్దున్న ఆరింటికి
మెట్లు దిగి, గేజీ రాయి మీద నాచు
బొటనవేలితో తుడిచి, అంకె చదివి,
పుస్తకంలో ఎక్కించి, సెక్షనాఫీసుకి ఫోను చేస్తాడు.
"మూడడుగుల రెండంగుళాలండి. ఆయ్."
పెట్టేస్తాడు.
విశేషణం ఉండదు. క్రియ కూడా ఉండదు.

రెండో సెమిస్టర్లో మాకు హెడ్డింగులు నేర్పారు.
వానకి విశ్వరూపం తొడగడం,
ఉల్లిపాయ చేత కన్నీళ్లు పెట్టించడం,
తెలియని చోట ప్రశ్నార్థకం వేసి
గోడ దూకేయడం.
నాకు తొంభై రెండు వచ్చాయి.
నాన్న "నూటికేనా?" అని అడిగి
ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని
ఏ పనీ లేకుండా లాకుల దాకా వెళ్లొచ్చాడు.

ఆగస్టులో గోదావరి వచ్చింది.
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారు.
ప్రాక్టికల్సుకి ఇంతకన్నా ఏం కావాలన్నారు మాస్టారు.
కాలేజీకున్న ఒక్క కెమెరా, ఒక్క మైకు
ప్లాస్టిక్ సంచిలో చుట్టి మా ఊరు తెచ్చాం.
లంకదారిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి
"మనం చూస్తున్నట్టయితే" అని మొదలుపెట్టాను.
"మోకాలు చాలట్లేదే" అంది సువార్త,
కెమెరాలోంచి కన్ను తియ్యకుండా.

కూర్చున్నాను.
నీళ్లు నడుం దాకా వచ్చాయి.
గొంతులోకి వణుకు దానంతటదే వచ్చింది.

అదే ఫ్రేములో, నా భుజం వెనకాల,
చిన్నగా, ఫోకస్ లేకుండా,
నాన్న ఏటివైపు గేజీ చదువుతున్నాడు.
గట్టు మీద లంకవాళ్లు మూటలు నెత్తినెట్టుకుని
ఆయన నోటికేసి చూస్తున్నారు.
"రెండంగుళాలు తీసిందర్రా!"
మూటలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.
ఎవరో బీడీ ముట్టించారు.
మాకు ఆడియోలో అదంతా నాయిస్. కోసేశాం.

క్లాసులో చప్పట్లు కొట్టారు.
సువార్తా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు.
నాన్న ఫోనులో రెండుసార్లు చూశాడు.
తిట్టలేదు.
"అక్కడ లోతు అడుగున్నరే కదమ్మా" అన్నాడు.

దాళ్వాకి సూరన్న వచ్చాడు,
అల్లవరం అవతల శివారు నుంచి, సైకిలు మీద.
"నీ పుస్తకంలో మూడడుగులున్నాయి లస్కరూ,
నా మళ్లో నెర్రెలున్నాయి.
మజ్జిన ఎవడు తాగేత్తన్నాడో అదికూడా రాత్తావా?"
నాన్న రాసిన అంకె తప్పు కాదు.
అయినా ఆయన పుస్తకం మూసి,
చెప్పులేసుకుని,
సూరన్న సైకిలు వెనకాల ఎక్కి
కాలవ గట్టు వెంబడి కిందికి వెళ్లాడు.
రాత్రి తొమ్మిదైనా రాలేదు.

పరీక్షలో ప్రశ్న: సమాచార నమూనాను బొమ్మ గీసి వివరించుము.
లాకులు గీశాను. తూములు గీశాను.
రొయ్యల చెరువుల మోటార్లు, వాటి పైపులు,
వంతెన కింద ఇరుక్కున్న గుర్రపుడెక్క,
ఒక ఫ్రేములో కూర్చుని ఉన్న అమ్మాయి.
పేజీ చివర, మార్జిను అవతల
ఖాళీగా ఒక మడి.
బాణం గీస్తూ గీస్తూ ఉంటే
అక్కడికి వెళ్లేసరికి పెన్ను ఆగింది.

పదికి నాలుగు.
కింద ఎర్రసిరాతో మాస్టారు:
"బొమ్మ నీట్‌గా లేదు."

లేదండి.
ఆయ్.