ఏడోవారం రొట్టెలు

తెల్లవారుజామున నాలుగింటికి
కుతైసీలో మా వీధి మొత్తానికి వెలిగేది మా కొట్టొక్కటే.
పొయ్యంటే నేలలో పాతిన పెద్ద మట్టికాగు.
నడుం దాకా అందులోకి వంగి
పడవలా సాగదీసిన పిండిని గోడకి చరిచి
చటుక్కున పైకి లేవాలి.
తొమ్మిదేళ్లుగా ఇదే పని, ఎన్నడూ లెక్కపెట్టలేదు.
ఈ పదిరోజులుగా
ప్రతి వంగుడూ లెక్కే.

ఇంత వేడి లోపలికి పోతుందా?
పోతే, ఎంత లోపలికి?

పిండిసంచీ చింపిన కాగితం మీద రాసుకుంటున్నాను,
గురువారం డాక్టర్ త్సియాలాని అడగాలని.
వంగొచ్చా. పాతిక కిలోల మూట ఎత్తొచ్చా.
ఇంకా తెలియక ముందు, వాజా చెల్లెలి పెళ్లిలో
మూడు గ్లాసుల వైన్ తాగి తెల్లారేదాకా చిందులేశాను,
అది కూడా రాయాలా?
రాశాను. కొట్టేశాను.
మళ్లీ రాశాను.

వేవిళ్లు పొద్దున్నే వస్తాయంటారు.
మా కొట్టులో పొద్దెప్పుడో పొయ్యికే తెలీదు.
పులిసిన పిండి వాసనలోనే పుట్టి పెరిగినదాన్ని,
ఇప్పుడు కొంగు లేని దేశంలో
మోచేత్తో ముక్కు మూసుకుంటున్నాను.
త్కెమాలీ, ఆ పుల్లటి ప్లమ్ పచ్చడి,
ఒక్కటే నోట నిలుస్తోంది.
చెంచాతో తింటున్నాను, దొంగలా.

మంగళవారం వేవిళ్లు ఆగిపోయాయి.
హాయిగా ఉండాలి కదా,
గుండె గుబేలుమంది.
వాంతి కోసం ఎదురుచూసిన మనిషిని ఎవరైనా చూశారా?
మధ్యాహ్నం మినీబస్సులో
పక్కాయన చొక్కాలోని సిగరెట్ కంపుకి కడుపు తిప్పింది.
ఆ పెద్దమనిషికి దండం పెట్టాలనిపించింది.

నిన్న ఒక మరక.
టీ చుక్కంత. ఎరుపు కాదు, గోధుమరంగు.
రోజంతా నా చేతుల్లో ఉండే రంగే.
ఫోన్లో నర్సు నిదానంగా అడిగింది
నొప్పుందా, పెరుగుతోందా, కళ్లు తిరుగుతున్నాయా అని.
లేదు, లేదు, లేదు.
"అయితే కనిపెట్టుకుని ఉండు.
ఎర్రబడినా, నొప్పి మొదలైనా క్షణం ఆగకుండా వచ్చెయ్."

కనిపెట్టుకుని ఉండటం.
పిండి విషయంలో అది నాకు బాగా తెలుసు,
తడిగుడ్డ కప్పి, చెయ్యి పెట్టకుండా, పక్కన కూర్చోవడం.
ఇక్కడ మాత్రం గంటకోసారి గడియ పెట్టుకుని
తెల్లకాగితం మీద ఏమీ రాసిలేదని
చదువుకుని వస్తున్నాను.

మూడునెలలు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంది అత్తగారు.
ఆవిడకి మధ్యలో రెండు పోయాయట.
ముప్పైయేళ్లుగా దాచిన ఆ సంగతి
ఎవరికీ చెప్పొద్దనడానికే నాకు చెప్పింది.
చెప్పాక చాలాసేపు బల్ల తుడిచింది,
శుభ్రంగా ఉన్న బల్ల.
ఉందనే చెప్పనిది
పోతే ఎవరితో చెప్పుకున్నావమ్మా,
అని అడగలేకపోయాను.

ఇవాళ వరసలో మొదట నిలబడింది లమ్జీరా ముసలమ్మ.
ఒకప్పుడు లారీల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసిన మనిషి.
నా మొహం చూసింది, పొయ్యిని చూసింది,
నా బొడ్డు దగ్గర నాకు తెలియకుండా ఆగిన చేతిని చూసింది.
"కొక్కెం ఇటివ్వు" అంది.
ఒక్క ప్రశ్న లేదు.
గల్లా దాటి లోపలికొచ్చి పొయ్యిలోకి వంగింది.
మొదటి రొట్టె నిప్పుల్లో పడేసింది,
రెండోది మాడ్చింది.
"నిప్పు నాకు కొత్తా" అని పొయ్యినే తిట్టింది.
ఎన్నాళ్లకో నవ్వాను,
నవ్వితే ఏమైనా అవుతుందేమోనని ఆగి,
మళ్లీ నవ్వాను.

రేపటి కోసం ఇవాళ్టి పిండిలోంచి
పిడికెడు తీసి దాస్తాం.
మా భాషలో దాన్ని రొట్టె తల్లి అంటారు.
ఇన్నేళ్లూ ఆ మాట అంటూనే ఉన్నాను,
ఇవాళ దాని మీద గుడ్డ కప్పుతూ
నోరు పెగల్లేదు.

కాగితంలో ఇంకా కాస్త ఖాళీ ఉంది.
గుండె కొట్టుకుంటోందా, అని రాయబోయి ఆగాను.
అది డాక్టర్ని అడిగేది కాదు.
గురువారం, పదకొండున్నరకి,
చల్లటి జెల్లీ పూసిన పొట్టతో పడుకుని
వినాల్సింది.