తాలు

మార్చి నెలల ఎనుమాముల యార్డు గాలి ఇటు తిరిగిందంటే
మా బడి మొత్తం తుమ్ముతది.
ప్రార్థనల తుమ్ము, ప్రతిజ్ఞల తుమ్ము,
హెడ్మాస్టరు ప్రకటన నడుమ మూడు తుమ్ములు.
తుమ్మనిది ఒక్కడే.
ఎనిమిదో తరగతి, ఆఖరి బెంచి,
చింతం సాంబరాజు.

పుస్తకం మీద వాని తల ఉండదు,
కిటికీ దిక్కు ముక్కెత్తి కూసుంటడు.
లెక్కల్లో పదకొండు, ఇంగ్లీషుల తొమ్మిది.
అభిప్రాయం గడిలో ఎర్రపెన్నుతో నేను:
"శ్రద్ధ లేదు."
పోయినేడు కూడా అదే రాసిన.
ఆ రెండు మాటలకు నా చెయ్యి బాగ తిరిగింది.

మీటింగుకు వాళ్ళమ్మ రాలే, సరుకు దిగిందట.
సంతకం కోసం నేనే పోయిన.
రెండు దిక్కుల ఎర్రటి కుప్పలు,
నడుమ జానెడు తొవ్వ.
కొమురమ్మ తాలు ఏరుతున్నది,
తెల్లవడ్డ కాయ ఇటు, మంచికాయ అటు,
నాతోటి మాట్లాడుకుంటనే.

కార్డు చదివి వినిపించిన.
కండ్లు నిండినయి. తుడుచుకోలే.
కారం చేతులతోటి ఏడ్వరాదు అక్కడ.

బస్తా పక్కన నిలబడ్డ సాంబరాజు
ఒక కాయను చెవి కాడ పెట్టి ఆడించిండు.
"గింజ మోగుతలేదు. ఇంక రెండెండలు కావాలె."
కండ్లు మూసి, పక్క బస్తా వాసన చూసి, "తేజ."
ఇంకోటి. "చపాట. రంగెక్కువ, కారం తక్కువ."
మూడోదాని కాడ ఆగిండు. మళ్ళొకసారి వంగిండు.
"పైన చపాట పోసిన్రు టీచర్. అడుగున వేరే ఉన్నది."
అడ్తి గుమాస్తా మోచేతి దాక చెయ్యి దూర్చి
ఒక సన్నకాయ తీసిండు.
ఏమనకుంట జేబుల ఏసుకున్నడు.

గింజ చప్పుడు వినే పిలగానికి
శ్రద్ధ లేదని రాసిన.
ఎవరికి లేదు?

ఏరుడు ఆపకుంటనే కొమురమ్మ అన్నది:
"తాలుకు సుత రేటుంటది టీచరమ్మా, తక్కువదే.
గని, తాలు చూసి బస్తా మొత్తానికి ధర చెప్పినోణ్ణి
నేనైతే ఇంతవరకు చూడలే."
నన్నన్నదో, ఎదురుంగున్న ఖరీదుదారునన్నదో.

రాత్రి కార్డు ముందర పెట్టుకున్న.
పదకొండు పదకొండే, దిద్దలే.
భిన్నాలు వానికి ఇంకా రావు.
రేపు కూసోబెట్టి బస్తాతోటి మొదలు పెట్టాలె:
పావు వంతు తాలైతే, మిగిలిందెంత?

గడి రెండంగుళాలే.
మాటలు గీత దాటి మార్జిన్లకు పోయినయి.
"వాసనతో రకం చెప్తడు. చెవితో ఎండను కొలుస్తడు.
తెలియని కాడ తొందరపడడు, ఆగుతడు."
ఇదేం అభిప్రాయమని హెడ్మాస్టరు అడుగుతడు.
అడగనీ.

పెన్ను మూసి,
యాది మరిచి,
అదే చేత్తోటి కన్ను నలుపుకున్న.