మర్నాడు

శిక్షణ రోజున గోడకి ప్రపంచ పటం వేలాడదీశారు.
కొన్ని దేశాలు ముదురు ఎరుపు, కొన్ని లేత గులాబి.
వెయ్యికి నలుగురట ఒకచోట,
సరిహద్దు దాటితే ఒక్కరేనట.
మన దగ్గర రంగే లేదు.
జబ్బు లేకా? అని అడిగాను.
అడిగినవాడు లేక, అన్నారు డాక్టరమ్మ.

అందుకే పెదజాలారిపేట వచ్చాను,
అట్ట, ఫారాలు, నీళ్ల సీసా పట్టుకుని.
సందు మొదట్లోనే మోకాళ్ల మీద చేతులానించి
నేను ఊపిరి కూడదీసుకుంటుంటే
నెత్తళ్లు ఎండబెడుతున్న ముసలమ్మ నవ్వింది.

ఆరు నెలలుగా అలసటగా ఉంటోందా?
గనగళ్ల నూకరత్నం గంప దించకుండానే అంది:
"అలసటేటమ్మా! నానలిసిపోతే సేపలాగుతాయేటి?"
లేదు. టిక్కు.
వల బాగుచేస్తున్న ఎల్లాజీ తలెత్తలేదు.
లేదు.
ఇరవై మూడిళ్లు, ఇరవై మూడు లేదులు.
సాయంత్రానికి పేట మొత్తం
కాగితం మీద నిగనిగలాడుతోంది.

తర్వాత రెండు రోజులు నేను మంచం దిగలేదు.
కంచరపాలెంలో మేడ మీద గది.
గూడ్సు బండి పోతే కిటికీ వణుకుతుంది,
ఆ వణుకు నా ఎముకల్లో దిగి అక్కడే ఉండిపోతుంది.
నిద్రపోతాను, పోనట్టే లేస్తాను.
కాఫీ గ్లాసు ఎత్తే ముందు లెక్క వేసుకోవాలి.
అన్నయ్య బద్ధకమంటాడు,
వీధి చివరి ఆరెంపీ రక్తం తక్కువంటాడు,
సింహాచలం మెట్లెక్కితే పోతుందంటుంది
కింద వాటా సుగుణమ్మ.
మెట్లు!

మూడోనాడు మళ్లీ వెళ్లాను.
ఫారం సంచిలోంచి తియ్యలేదు.
పని చేసిన మర్నాడు ఎలా ఉంటాది నీకు?

నూకరత్నం గంప దించింది.
కోడలు వింటోందేమోనని వెనక్కి చూసుకుంది.
"హార్బరుకి ఎల్లొచ్చిన మర్నాడు
నా సేతులు నాయి కావు.
తల దువ్వుకోనేను.
ఎలుతురు కళ్లల్లో గుచ్చేత్తాది.
ఆ కరోనా జొరం ఒచ్చిపోయిన కాణ్ణించీ ఇంతే.
ఎవులికీ సెప్పనేదు.
సెప్తే ఏటంటారు?"

బద్ధకమంటారు, అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చదివింది,
నేనే ఒక ఫారం అయినట్టు.
"నీకెన్నాళ్లయింది?"
మూడేళ్లు.

మర్నాడికి అచ్చులో గడి లేదు.
లేదు అన్నచోట కొట్టేసి
అంచున సన్నగా రాశాను ఆవిడ మాటల్లోనే.
నా పేరుకి మాత్రం
సర్వే చేసినవారి సంతకం దగ్గరే చోటుంది.

ఇరవై రెండిళ్లు మిగిలాయి.
పడవ నీడలో ఇసుక చల్లగా ఉంది.
గంప మీద గోనెపట్టా తడిపి కప్పి
జరుగు, అంది,
నా పక్కన కూలబడింది.