వీసం

ముహరక్‌లో, పాత ముత్యాల బజారు వెనక,
ఏసీ తప్ప ఏదీ మాట్లాడని గదిలో
పేజీలు తిప్పుడు నా పని.
తెల్ల గ్లౌజులు, చేతిలో ఎముకపుల్ల.
తిప్పాలె, చెయ్యి తియ్యాలె,
పైన కెమెరా కన్ను మూసి తెరిచేదాకా
ఊపిరి బిగబట్టాలె.
రోజుకు ఆరు వందల పేజీలు.
చదువుడు నా పని కాదు.
చదివేది మిషిను.

ఎంత బాగ చదువుతదో!
ఉప్పుగాలికి ఉబ్బిన అరబ్బీ,
చెదలు నమిలిన ఫార్సీ,
పడవ యజమానికి ఎవరెంత బాకీ,
ఏ మునకగాడు ఏ ఎండకాలం చెవులు పగిలి పోయిండు,
వాని అప్పు కొడుకు నెత్తిమీదికి ఎట్ల దిగింది,
నేను చాయ్ తాగొచ్చేలోపు
అంతా వరస కట్టి తెర మీద పెడతది.
అప్పును అరబ్బీల ఏమంటరో
దాని దగ్గరే నేర్చుకున్న.
లెక్క మాత్రం కొత్తది కాదు.
మోర్తాడు ఏజెంటు నాకు ముందే నేర్పిండు.

మూడో నెలల ఒక తోలు అట్ట తెరిచినం.
ముత్యాల తూకం పుస్తకం.
అరబ్బీ అంకెల పక్కన, అంచుల,
వెంట్రుకంత సన్నటి గీతలు.
మిషిను వాటి చుట్టూ బూడిదరంగు గడి గీసి
రాసింది: మరక.
తర్వాతి పేజీ: మరక.
ఆ తర్వాతిది: ఈగ రెట్ట, నమ్మకం తొంభై ఒక శాతం.

నా చెయ్యి పేజీ మీదనే ఆగిపోయింది.
కెమెరా నా బొటనవేలు ఫొటో తీసింది.

మా తాత ఆర్మూరుల పసుపు కొట్టుకాడ గుమాస్తా.
బడికి తోలక ముందే
బస్తా మీద కూసోబెట్టి నేర్పిన గీతలవి.
నిలువుగ ఒకటి పావు, రెండు అర, మూడు ముప్పావు.
అడ్డంగ గీస్తే వీసం.
"నిల్చున్నది పావు బిడ్డా, పండుకున్నది వీసం."

మునీరా మేడంకు చెప్పనీకి
నా ఇంగ్లీషు చాలలే, ఆమె హిందీ చాలలే.
కాగితం మీద గీతలు గీసి కూడి చూపెట్టిన.
"వీసానా?" అన్నది.
కాదమ్మా, వీసం. రూపాయిల పదహారో ముక్క.
రెండు వీసాలు కలిస్తే పరక.
పేజీ వెనక పేజీ, నా కూడిక
పక్కనున్న అరబ్బీ మొత్తంతో కలిసింది.
ఒక్క ఎనభై ఏడో పేజీల
వీసం తక్కువొచ్చింది.

ఎవరో ఆయన. బందరుల ఓడ ఎక్కిండో,
పట్నంల ఏ ముత్యాల సేటు పంపిండో.
పేరు రాయలే. పేరు పట్టేంత అంచు లేదు.
షావుకారు నోట విన్న తూకాన్ని
తన గీతల్ల ఇంకోసారి తూచుకున్నడు.
నమ్మకం లేక.

నెల రోజులు మిషినుకు నేర్పిన.
నేర్చుకున్నది. ఒకనాడు పొద్దున వచ్చి చూస్తే
బహ్రెయిన్ అంతా తెలుగే!
చెదపురుగు నడిచిన దారి వీసం,
చాయ్ చుక్క పరక,
సుంకం ముద్ర అంచు విరిగి ముప్పావు.
కొత్తగ బలపం దొరికిన పిల్లగాడు
గోడలన్నీ నింపినట్టు.
నవ్వొచ్చింది.
నవ్వుతుంటే భయమైంది:
నాకు కూడ గట్లనే కనపడుతున్నయా?

కొట్టేసుకుంట కూసున్న. కాదు. కాదు. కాదు.
నాలుగు వందల పన్నెండు.
కాదన్నప్పుడల్ల మా దిక్కోడు ఒకడు
పాస్‌పోర్టు పట్టుకొని వెనక్కి తిరిగినట్టుండె.

ఆఖరికి ఒకటి మిగిలింది.
ఎనభై ఏడో పేజీ, కుట్టు పక్కన,
పండుకున్న గీత.
అద్దం కింద చూసిన, దీపం వాల్చి చూసిన.
సిరానో, సముద్రం తడో, ఈగనో.
అవునంటే ఆయన లెక్క సరిపోతది.
నూరేండ్లకు సరిపోతది.
ఒక్క వేలు కదిపితే చాలు.

తెర మీద రెండే బొత్తాలు: అవును, కాదు.
తెల్వదు అనే బొత్తం ఇంకోటి కావాలన్న.
మేడం నా మొహం కొంచెంసేపు చూసి
ఎవరికో ఫోన్ చేసింది.
గురువారం పెట్టిస్తరంట.

గురువారం దాకా ఉన్నది నా వీసా.