పదమూడో ఎక్కం

నేను కట్టేదేదీ నిలబడదు.
షట్టరింగ్ వడ్రంగిని.
సిమెంటు గట్టిపడేదాకనే నా చెక్కకు ఇజ్జత్,
ఆ తెల్లారి గడ్డపార పెట్టి నేనే ఊడబీకుత.
ఒమన్ల, ఈ సూర్ పట్నంల పంతొమ్మిదేండ్లు.
ఇది నా పనితనం అని చూపెట్టెతందుకు
ఒక్క మేకు మిగల్లే.

అందుకే ఈ పెట్టె కొంచెం భయంతోనే మొదలువెట్టిన.

టేకు, పడవలు కట్టే యార్డుల దొరికింది.
ముసలి మేస్త్రి ఖల్ఫాన్ విరిగిన పలకల కుప్ప చూపెట్టి
అరబ్బీల ఏందో అన్నడు.
సగం అర్థమైంది. పొయ్యిల కంటే నీ చేతుల్ల నయమని కావచ్చు.
చిత్రిక పట్టంగనే లోపలి నుంచి లేచింది
పాత తోలు, గానుగ నూనె కలిసిన వాసన.
ముప్పై ఏండ్లు సముద్రంల నానినా
చెట్టు సంగతి మరువలే.

కొలబద్ద వాడలే.
ఓదెలన్న డ్యూటీకి పోయినంక
మంచం కింది పాలిథిన్ మూట విప్పి
ఒక క్యాసెట్ తీసి పలక మీద పెట్టి
చుట్టూత పెన్సిల్‌తో గీసుకున్న.
వరుసకు పదమూడు, వరుసలు ఆరు.
మూడు కింద అరల, మూడు పైన.

ఉన్నయి డెబ్బై ఏడు.
టేప్‌రికార్డర్ చచ్చి పదేండ్లాయె.
అయినా ఈద్ సెలవులల్ల ఒక్కొక్కటి తీసి
చక్రంల చిటికెనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పుతడు,
టేపు అంటుకపోవద్దని.
ఒకదాంట్ల లస్మక్క ఉల్లిగడ్డల ధర చెప్తది.
ఒకదాంట్ల రేకుల మీద వాన,
పావుగంట వాననే, ఎవరూ మాట్లాడరు.
ఇంకోదాంట్ల బిడ్డ పదమూడో ఎక్కం అప్పజెప్పేది.
పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దాక ఉరికి
ఏడుల కాడ ఆగి దగ్గేది.

అది ఇప్పుడు లేదు. నేనే చెరిపిన.

నా మొదటి ఏడు.
కొత్త క్యాసెట్ కొననీకి నాలుగు వందల బైసలు లేక
ఆయనది తీసి, ఆ ఎక్కం మీదనే
నా ఏడుపంత నింపి
ఊరికి పోయేటోని చేతికిచ్చిన.
ఓదెలన్న రెండు శుక్రవారాలు వెతికిండు.
నేను గూడ వెతికిన,
ఆయనకు టార్చి పట్టుకుంట.

పెట్టెకు మేకులు కొట్టలే. కుసులు తీసి జోడించిన.
మొదటి మూల వదులైతే సన్న చీలిక దోపిన,
తెలిసినోడు చూస్తే దొరుకుత.
ఉప్పుగాలికి చెక్క ఉబ్బుతదని
మూతకు గోరు మందం సందు విడిచిన.
అడుగున ఏదో ఒక మాట చెక్కుదామని ఉలి పట్టి
గంటసేపు కూసున్న.
నున్నగనే ఉంచేసిన.

ఇచ్చిన రాత్రి ఒక్కొక్కటే పేర్చిండు.
ఆఖరు గడి ఖాళీగ మిగిలింది.
పన్నూడిన చోట నాలుక పోయినట్టు
వేలు మళ్ల మళ్ల అండ్లకే పోతాంది.
"పదమూడు ఆర్లు," అన్నడు మెల్లగ.
నేను రంపం తుడుస్తున్న,
అప్పటికే తుడిచిన రంపం.
ఫ్యాను తిరుగుతాంది. పక్క రూముల ఎవలో పప్పు పోపేస్తున్నరు.
శానసేపటికి అన్నడు:
"కీలుకు జెర నూనె వెయ్‌రా, కిర్రుమంటాంది."

కాంటా మీద సామాను ముప్పై కిలోలు దాటింది.
రెండు కంబళ్లు, పాలపొడి డబ్బాలు,
అల్లుని కోసం కొన్న డ్రిల్లింగ్ మిషన్
ఒక్కొక్కటి తీసి నా మంచం మీద పడేసిండు.
పెట్టె దిక్కు చెయ్యి పోనియ్యలే.

ఆయన పోయిన తెల్లారి
తొమ్మిదో పిల్లర్ పలకలు ఊడబీకిన.
సిమెంటు మీద చెక్క గీతలు అట్లనే ఉన్నయి,
ముడి కాడి చిన్న సుడితో సహా.
మధ్యాహ్నం ప్లాస్టరోళ్లు వస్తరు.
అరచెయ్యి ఆనించి నిలబడ్డ.
ఫోర్‌మన్ రెండుసార్లు పిలిచిండు.