తడి గీత

సిరొంచలో కరెంటు పోయేలోపు
పడవ పూర్తి చేయాలి.
మూడో తరగతి పుస్తకం, పదకొండో పేజీ.
ఎడమ పక్క మరాఠీ, కుడి పక్క తెలుగు,
నడుమ ప్రాణహిత.

టాబ్లెట్ మీద నా పడవ చక్కగా ఉంది.
చక్కగా ఉండటమే దాని జబ్బు.
నీలం మీద గోధుమరంగు,
పెళ్ళికార్డు మీద అతికించిన బొమ్మలా.
నీడ వేశాను, మసక వేశాను,
లేయర్ మీద లేయర్, పద్నాలుగు లేయర్లు.
ఎన్ని పొరలు కప్పినా
పల్చగానే ఉంది.

వంతెన పడ్డాక తెడ్డు వదిలేసిన సడవలి
పక్కింటి గద్దె మీద వల అల్లుతున్నాడు.
చూపించాను.
తెర ఎక్కడ తడుస్తుందోనని
చేతులు లుంగీకి తుడుచుకుని మరీ అందుకున్నాడు.

"ఇండ్ల ఎవ్వలు గూసున్నరు?"

ఎవరూ లేరు, ఖాళీ పడవ అన్నాను.

"ఖాళీదైనా గింత పైకి తేలది బిడ్డా.
చెక్క నీళ్ళు తాగుతది.
ఏడేండ్లు తాగిన పడవ బరువే యేరు.
గిది నిన్న పుట్టినట్టున్నది."

వల అల్లే పుల్లతో గద్దె మీద గీశాడు.
ఎనిమిది మంది ఎక్కితే నీళ్ళు ఇంతవరకు.
ఎనిమిది మందీ రెండు మేకలూ అయితే ఇంతవరకు.
మూడో గీత దగ్గర పుల్ల ఆగింది.
ఒక వానాకాలం రాత్రి, నొప్పులు పడుతున్న మనిషి,
ఆమె వెంట ఊరు ఊరంతా.
"నీళ్ళు దిగినా గీతలు దిగవు."

లోపలికొచ్చి తొమ్మిది లేయర్లు తీసేశాను.
పడవను నాలుగు వేళ్ళ లోతు ముంచాను.
నీడంటే నలుపని ఇన్నాళ్ళూ నలుపే పోశాను,
పడవ కింది నీడ సీసా ఆకుపచ్చ,
అందులో కొంచెం ఇసుక.
మూడు తడి గీతలు గీశాను,
అన్నిటికన్నా పాతది ఇరవై శాతం ఓపాసిటీలో.
నీళ్ళు తోడే నూనె డబ్బా ఒకటి వేసి
తీసేశాను.
డబ్బా ఉన్న చోట తుప్పు వలయం మాత్రం ఉంచాను.

అవతలి ఒడ్డు మీద తాటాకులు
ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేశాను ఇంతకుముందు.
దూరానికి ఆకులుండవు.
చెరిపి, కొండను పాలనీలం చేశాను.
నేను చదువుకున్న హాస్టలు కూడా ఆ పక్కే,
అదీ ఆ నీలంలోనే పోయింది.
కొంచెం ఆగి,
పోనీలే అనుకున్నాను.

కరెంటు పోయింది.
చీకట్లో తెర వెలుగు పట్టుకుని
మళ్ళీ గద్దె దగ్గరికి నడిచాను.

సడవలి చాలాసేపు చూశాడు.
బాగుందనలేదు.
మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు,
చివరికి కసిరినట్టే అడిగాడు:

"తాడేదే?
కట్టకుంట ఇడిసినవ్, పోతది."

బ్యాటరీ నాలుగు శాతం ఉంది.
అక్కడే, అతని పక్కనే కూర్చుని
తాడు గీయడం మొదలుపెట్టాను.